అల్లుడుగారి పెట్టెకు పూలదండ

పటాన్‌చెరు వైపు ఉద్యోగం చేసి రిటైరయ్యానని చెప్పగానే కొత్తవాళ్లు నన్ను జాలిగా చూస్తారు. రసాయనాల వాసన, బాయిలర్ల వేడి, నైట్ షిఫ్టులు, తగ్గని దగ్గు, అన్నీ వాళ్లకు ఒక్కసారే గుర్తుకొస్తాయి కాబోలు. ఆ జాలిని పోగొట్టుకోవడం ఇష్టం లేక చాలాసార్లు అసలు సంగతి చెప్పలేదు. ఉద్యోగంలో చివరి కొన్నేళ్లు నా పని, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి చదరంగం ఆడుకుంటుంటే చూస్తూ కూర్చోవడం. దానికి నెలనెలా జీతం కూడా ఇచ్చారు.

అప్పట్లో మేము చిట్కుల్‌లో కిరాయికి ఉండేవాళ్లం. చుట్టూ అందరూ ఫ్యాక్టరీల్లో నడుములు విరిగేలా పనిచేసేవాళ్లే. పక్కింటామె "మీ ఆయనది ఏం పని" అని అడిగితే మా ఆవిడ "మందుల కంపెనీల చేస్తడు" అని చెప్పేది. అబద్ధమెందుకు చెప్పావని అడిగాను. "ఉన్నది చెప్తే నీకు పని లేదనుకుంటరు. నేను గూడ గట్లనే అనుకుంటున్న, కానీ బయట అనలేను గద" అంది.

ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లల కోసం ఆ రోజుల్లోని ఒక ముచ్చట రాస్తున్నాను. ఇందులో నీతి వెతక్కండి. నేను వెతికి చూశాను, దొరకలేదు.

చదరంగానికి ముందు నేను కరెంటు మీటర్లు పరీక్షించే చోట పనిచేశాను. అక్కడ నేర్చుకున్నది ఒక్కటే. మీటరు మీద ఫిర్యాదు తెచ్చిన ప్రతివాడూ అది వేగంగా తిరుగుతోందనే తెచ్చాడు. మా మీటరు మెల్లగా తిరుగుతోంది, సరిచేయండి అని వచ్చిన మనిషిని నేను చూడలేదు. న్యాయం అందరికీ కావాలి, కాకపోతే తమ వైపు ఓ పిడికెడు ఎక్కువ తూగాలి. ఆ అనుభవం చూసే నన్ను ఈ కొత్త కంపెనీవాళ్లు టెస్టింగ్ సెక్షన్‌కు పెద్దగా తీసుకున్నారు.

కంపెనీ ఇస్నాపూర్ దాటాక లోపలికి ఉండేది. యజమాని బొంతపల్లి వైపు రైతు. భూములకు రేట్లు వచ్చినప్పుడు అందరూ ఇళ్లు కడితే ఆయన ప్లాస్టిక్ సామాన్లు చేసే మిషన్లు పెట్టాడు. ఫ్యాక్టరీలో ఆయన్ను పెద్దసారు అనేవాళ్లం. బకెట్లు, మగ్గులు, ఆట బొమ్మలు అయ్యాక ఆయన దృష్టి చదరంగం బోర్డు మీద పడింది. మామూలు బోర్డు కాదు. లోపల చిన్న చిప్పు, అంచున అగ్గిపెట్టెంత తెర. పిల్లవాడు పావు కదిపితే బోర్డు తన ఎత్తు చెప్తుంది. జోడీ లేకుండా ఒక్కడే కూర్చుని ఆడుకోవచ్చు. బడులకు అమ్మాలని ఆయన ఆలోచన.

ఆ చిప్పులో ఆడే ప్రోగ్రాం రాసింది సంగారెడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక ఇంజనీరమ్మాయి. వాళ్ల నాన్నకు టౌన్‌లో కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం. ఆయనకు చూపు తగ్గి దుకాణం సగం మూతపడింది. ఇద్దరు చెల్లెళ్ల చదువులు ఈమె జీతం మీదే నడిచేవి. అదీ కాంట్రాక్టు జీతం. ఎప్పుడు తీసేస్తారో తెలియని ఉద్యోగం చేస్తూ కూడా ఆమె ఆ చిన్న చిప్పులో చోటు సరిపోక ఒక్కో మాట కుదించి కుదించి రాసేది. అద్దె ఇంట్లో సామాను సర్దుకున్నట్టు సర్దేది.

అవతలి పక్షం పెద్దసారు అల్లుడుగారు. సిటీలో పెరిగినవాడు, పెద్ద చదువు చదివినవాడు, డైరెక్టరు. ఆయన ఆలోచన వేరు. బోర్డు లోపల బుర్ర అక్కర్లేదు, ఫ్యాక్టరీలో ఒక పెద్ద కంప్యూటరు పెట్టి అన్ని బోర్డులనూ నెట్ ద్వారా దానికి కలిపేద్దాం, ఆట అదే ఆడుతుంది అన్నాడు. ఊరికే అనలేదు, ప్రోగ్రాం రాసి చూపించాడు. మంచి ప్రోగ్రామే, కాదనను. దానికోసం తెప్పించిన పెట్టెకు అద్దాల గోడలు, లోపల రంగురంగుల దీపాలు, వేడి పోవడానికి పైన జల్లెడలాంటి మూత, దాని కింద పంకాలు. దాన్ని చూడ్డానికి ప్యాకింగ్ సెక్షన్ వాళ్లు భోజనం వేళ గుంపులుగా వచ్చేవాళ్లు.

గొడవ నంబరు దగ్గర మొదలైంది. చదరంగంలో ఆటగాడి బలాన్ని నంబరుగా చెప్తారు. పెద్ద నంబరువాణ్ణి ఓడిస్తే నీది పెరుగుతుంది, చిన్న నంబరువాడి చేతిలో ఓడితే తగ్గుతుంది. ప్రోగ్రాములకూ అంతే. చిక్కేమిటంటే మనిషి ఎక్కడికి పోయినా తన బుర్ర తనతోనే ఉంటుంది. ప్రోగ్రాం మాత్రం ఏ పెట్టెలో పెడితే ఆ పెట్టె బుర్రతో ఆడుతుంది. వేగంగా నడిచే పెట్టెలో అదే ప్రోగ్రాం అదే సమయంలో ఇంకా దూరం ఆలోచిస్తుంది, నంబరు పెరుగుతుంది. అల్లుడుగారి పెట్టెలో అల్లుడుగారి ప్రోగ్రాముకు చాలా పెద్ద నంబరు వచ్చింది. ఆయన ఆ నంబరును అందరికీ చూపించాడు. అమ్మాయి మాత్రం "గా నంబరు మీ ప్రోగ్రాందా సార్, మీ పెట్టెదా" అని అడిగింది. డైరెక్టరును అలా అడగకూడదని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేరు.

రెండింటినీ ఒకే దాంట్లో పెట్టి ఆడిస్తే పోలేదా అని మీరంటారు. నేనూ అన్నాను. అల్లుడుగారి ప్రోగ్రాం చిప్పులో పట్టదు. అమ్మాయి ప్రోగ్రాం పెద్ద పెట్టెలో పడుతుంది కానీ, చిప్పు కొలతకు కుట్టింది కాబట్టి అక్కడున్న బలంలో పావు వంతు కూడా వాడుకోలేదు.

పెద్దసారు ముగ్గురినీ పిలిపించాడు. ఆయన చదరంగం ఆడడు, కానీ ఎడ్లను కొన్న మనిషి.

"పెట్టెదేముంది, పైసలు పెడితే రేపు ఇంకోటొస్తది. తెలివి ఎవలదో చెప్పు సారూ. అదొక్కటి తేల్చు" అన్నాడు నాతో. తర్వాత అమ్మాయి వైపు తిరిగి చెప్పాడు. "బిడ్డా, నీదే మంచిదని తేలితే నీ సెక్షన్ ఉంటది, నిన్ను పర్మనెంట్ చేస్త. లేదంటే దసరా అయినంక సెక్షన్ బంద్. రెండు ప్రోగ్రాములను మోసే తాకతు నాకు లేదు."

అమ్మాయి తలూపింది. ఇంటికి వెళ్లే బస్సులో ఏమనుకుందో నాకు తెలియదు. నేనైతే మధ్యాహ్నం అన్నం సరిగ్గా తినలేదు. ఒక ఇంటి పొయ్యి నా పరీక్ష మీద ఆధారపడి ఉందని తెలిశాక చదరంగం ఆటలా అనిపించలేదు.

నేను ఎంచుకున్న పద్ధతి ఇది. పెద్ద పెట్టెకూ చిప్పుకూ ఒకే లెక్క ఇచ్చాను. ఏది ఎంతసేపట్లో చేస్తుందో చూశాను. పెద్ద పెట్టె కన్నుమూసి తెరిచేలోగా చేసింది. చిప్పు పాపం నిదానంగా చేసింది. ఆ తేడా ఎంతో, ఆటలో చిప్పుకు అంత ఎక్కువ సమయం ఇవ్వాలి. అప్పుడు ఇద్దరూ సమానంగా ఆలోచించుకున్నట్టు లెక్క. ఇక గెలిస్తే తెలివితోనే గెలవాలి.

అల్లుడుగారు వెంటనే వచ్చాడు. "అంకుల్, నా కారు స్పీడ్‌గా వెళ్తుందని నన్ను సిగ్నల్ దగ్గర ఆపేసి సైకిల్‌ని ముందుకు పంపిస్తారా?"

ఆయన వెళ్లాక అమ్మాయి వచ్చింది. "సార్, మీరు బోర్డుకు గంత టైమిచ్చిన్రు. మంచిదే. కానీ బోర్డు ముందల కూసున్న పిల్లగాడు గంతసేపు ఆగుతడా? రేపు నా నంబరు చూసి కొన్నోళ్లకు నేనేం చెప్పాలె?"

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కానీ టెస్టింగ్ పనిలో ఇరుపక్షాలకూ సమానంగా కోపం వచ్చిందంటే కాటా మధ్యలో నిలబడ్డట్టే. ఇప్పుడు పోల్చడానికి ఇదే దారి, పిల్లల సంగతి తర్వాత విడిగా కొలుద్దాం అని ఆమెకు చెప్పాను. ఆయనకు ఏమీ చెప్పలేదు, డైరెక్టర్లకు జవాబు అక్కర్లేదు, మనం నిలబడి వింటే చాలు.

దసరా ముందు ఆటలు మొదలుపెట్టాను. ఒకదానితో ఒకటి, మధ్యలో వేరే ప్రోగ్రాములతో, రాత్రింబగళ్లు వాటంతట అవే ఆడుకునేలా ఏర్పాటు చేశాను. నంబరు నమ్మకంగా తేలాలంటే చాలా ఆటలు ఆడాలి. పండగ సెలవుల్లో కూడా ఆగకూడదు. అందుకని నాకు తోచిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాను. కరెంటు పోతే బ్యాటరీ, బ్యాటరీ పోతే జనరేటరు. ఎలుకలకు బోను. కిటికీ సందుల్లోంచి దుమ్ము రాకుండా టేపు. ఎలక్ట్రీషియను ఏసీ కట్టేయకుండా స్విచ్చు పక్కన చీటీ. తలుపు మీద తెలుగులోనూ హిందీలోనూ "నడుస్తున్నది, ముట్టుకోవద్దు". నా ముందుచూపుకు నేనే మురిసిపోయాను. భక్తి ఒక్కటే నా లెక్కలోకి రాలేదు.

మా దగ్గర దసరాకు ఫ్యాక్టరీలో ఆయుధ పూజ చేస్తారు. మిషన్లన్నీ కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండలు వేసి, గేటు దగ్గర గుమ్మడికాయ కొట్టి అందరికీ ప్రసాదం పంచుతారు. పూజ రోజు మిషన్లు ఆపేయడం ఆనవాయితీ. నా గది ముందు పూజారి ఆగాడు. నడిచే మిషన్‌కు పూజ ఎట్లా అని ఆయనకు సందేహం.

"నడిచే ఎద్దుకు బొట్టు పెడ్తలేమా? కానియ్" అన్నాడు పెద్దసారు.

అంతటితో ఆగితే బాగుండేది. ప్రతి మిషన్‌కూ ఒక దండ, అది అందరికీ సమానమే. కానీ ఇది అల్లుడుగారి పెట్టె. అల్లుడుగారి పెట్టెకు మామూలు దండ వేస్తే కూతురు ఏమనుకుంటుంది? అందుకని పెద్దసారు ప్రత్యేకంగా కట్టించిన దండ తెచ్చాడు. నా భుజమంత లావు ఉంది. దాన్ని తన చేతులతో పెట్టె మీద మూడు చుట్లు చుట్టి, చివర్లు రెండు పక్కలా అందంగా వేలాడదీసి, వెనక్కి జరిగి చూసుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చిన్న బోర్డుకు ఇంత కుంకుమ బొట్టు పెట్టి వదిలేశారు, దాని యోగ్యతకు అదే ఎక్కువ.

సెలవులు అయ్యాక వచ్చి చూస్తే తెర మీద ఉన్నది నమ్మలేకపోయాను. అమ్మాయి ప్రోగ్రాం గెలిచింది. ఏదో కాస్త కాదు, అల్లుడుగారి ప్రోగ్రాంను మట్టి కరిపించింది. దాచడమెందుకు, నాకు చాలా సంతోషమైంది. పరీక్షలు పెట్టేవాడికి ఇష్టాయిష్టాలు ఉండకూడదంటారు. ఉంటాయి. ఉన్నాయని తెలుసుకుని పక్కన పెట్టాలి, అంతే. ఆ పొద్దున నేను పక్కన పెట్టలేదు. పెద్దసారుకు ఫోన్ చేసి ఫలితం చెప్పేశాను. ఆయన "సరే, అన్న మాట అన్నట్టే. పిల్లకు కాగితాలు తయారు చేయించు" అన్నాడు.

అమ్మాయి వచ్చాక శుభవార్త చెప్పాను. ఆమె ముఖంలో నవ్వు లేదు. తెర వైపు చూడలేదు. పెద్ద పెట్టె వైపు చూసి, "సార్, జెర ఆ దండ చూడున్రి" అంది.

చూశాను. బంతిపూలు వాడి నల్లబడి మూతకు అతుక్కుపోయాయి. రేకులు రంధ్రాల్లోకి దిగాయి. చెయ్యి పెడితే పెట్టె కాలుతోంది. కొత్త కంప్యూటర్లకు ఒక గుణం ఉంది. వేడెక్కితే ఆగిపోవు, తమను తాము కాపాడుకోవడానికి మెల్లగా పనిచేస్తాయి. ఎవరికీ చెప్పవు. అల్లుడుగారి పెట్టె పూజ జరిగిన నాటి నుంచి ఊపిరాడక కుంటుకుంటూ ఆడింది. నేనేమో దాని పాత వేగాన్ని పట్టుకుని అవతలివాళ్లకు ఎక్కువ సమయం ఇచ్చాను.

దండ ఉండగానే మొదట ఇచ్చిన లెక్కనే మళ్లీ ఇచ్చి చూశాను. పెట్టె ఆపసోపాలు పడింది. దండ తీసి, రేకులు ఏరి, చల్లబడ్డాక ఇచ్చాను. మళ్లీ కన్నుమూసి తెరిచేలోగా చేసింది. ఇక అనుమానం లేదు.

"నీకెలా తెలిసింది?" అన్నాను.

"పూజ నాడే చూసిన సార్. దండ గాలి పోయే కాడ పడ్డది."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

ఆమె నేను ఏరిన రేకులను కాగితంలోకి ఎత్తింది. తర్వాత మెల్లగా అంది. "పెద్దసారు చేతుల్తోటి ఏసిండు. అందరు దండం పెడుతున్నరు. అండ్ల నేనొచ్చి దండ తీయున్రి అంటే ఎట్లుంటది సార్? మీరంటే ఒకటి. నేనంటే ఇంకోటి గద. మీకు ఫోన్ చేద్దామనుకున్న. ఏమని చెప్పాలె? ఇంట్ల అమ్మీ గూడ నీకెందుకు, చుప్ ఉండు అన్నది. పండగంత పరేషాన్ అయిన."

ఏటా పూజకు ఆమె వచ్చి ఓ పక్కన నిలబడి, అందరితో పాటు చెయ్యి చాపి ప్రసాదం తీసుకునేది. మా ఫ్యాక్టరీలో హిందూ ముస్లిం తేడాలు లేవని నేను నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఆ మాట ఎంత తేలిగ్గా చెప్పుకున్నానో అప్పుడు తెలిసి నాకు చాలా బాధేసింది. ఆమెకు టీ తెప్పించాను.

"ఈ ఆట లెక్కలోకి రాదు. మళ్లీ ఆడించాలి" అన్నాను చివరికి.

"అందుకే చెప్పిన సార్. గలత్ గెలుపు నాకెందుకు?"

మీటరు తనకు లాభంగా తిరిగిందని ఫిర్యాదు చేసిన మనిషిని ఉద్యోగ జీవితంలో అప్పుడే చూశాను. అదీ ఫిర్యాదు నిజమైతే ఉద్యోగం పోయే మనిషిని.

పెద్దసారు గదిలో అల్లుడుగారు కూడా ఉన్నాడు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. పెద్దసారు ముఖం మారింది.

"అంటే నేను దండేస్తే మిషన్ ఖరాబైందంటవ్."

"ఖరాబు కాలేదు సార్. మెల్లగైంది."

"పూజ చేస్తే మెల్లగైతదా? ఇన్నేండ్ల సంది చేస్తున్న. ఒక్క మిషనన్న మెల్లగైందా?"

బకెట్లు చేసే మిషన్‌కు ఊపిరి అక్కర్లేదని నేను చెప్పబోయాను. ఈలోగా ఆయన అల్లుడి వైపు తిరిగాడు. "నువ్ చెప్పు బాబూ. నీ పెట్టె గద. దండతోటి ఓడిందా?"

ఈ ఫలితం రద్దయితే లాభం అల్లుడుగారికే. కానీ ఔనంటే మామగారి దండను తప్పు పట్టినట్టు. కాదంటే తన ప్రోగ్రాం చిప్పు ముందు చిత్తుగా ఓడిందని ఒప్పుకున్నట్టు. అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు పాపం. పంకా వైపు, మామ వైపు, నా వైపు చూసి, "లేదు మామయ్యా. దండకూ దానికీ సంబంధం లేదు. అంతా ఫెయిర్‌గానే జరిగింది" అన్నాడు.

అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. పరీక్ష పెట్టినవాడు తప్పని అంటున్నాడు, నష్టపోయినవాడు సరిగ్గా జరిగిందంటున్నాడు. పెద్దసారు తేలిగ్గా ఊపిరి తీసుకుని, ఇక వెళ్లండి అన్నట్టు చెయ్యి ఊపాడు.

అప్పుడు అమ్మాయి మాట్లాడింది. "సార్, నాది మళ్ల ఆడించున్రి."

"గెలిచినవ్ గద బిడ్డా."

"గెలిచిన్నో లేదో నాకే తెల్వదు సార్."

"మళ్ల ఆడి ఓడితే?"

"ఓడితే ఓడిన."

"సెక్షన్ బంద్ అని చెప్పిన. యాదికుందా?"

"ఉన్నది సార్."

పెద్దసారు ఆమెను చాలాసేపు చూశాడు. ఆయనకు కోపం వచ్చిందో ముచ్చటేసిందో నేను చెప్పలేను. "ఆడించు సారూ" అన్నాడు. "కానీ దండ ముచ్చట ఈ రూములనే ఉండాలె. రెండో రౌండ్ అని చెప్పు." అలా మా కంపెనీలో చదరంగానికి రెండో రౌండ్ అనేది పుట్టింది. అది ఎందుకు పుట్టిందో తెలియక తర్వాత చేరినవాళ్లు ప్రతిదానికీ రెండో రౌండ్ పెట్టారట.

ఆటలు మొదలైన మర్నాడు అల్లుడుగారు నా గదికి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాసేపు వాన గురించి, ఓఆర్‌ఆర్ మీద ట్రాఫిక్ గురించి మాట్లాడాడు.

"అంకుల్, ఒక మాట. నేను గెలిస్తే ఇదంతా నేనే నడపాలి తెలుసా?"

"మీ ఆలోచనే కదా."

"ఆలోచన నాదే. కానీ మొన్న శాంపిల్ బోర్డులు నాలుగు బడులకు పంపాం. నెట్ సగం రోజు ఉండదు. ఎత్తు మధ్యలో బోర్డు ఆగిపోతోంది. హెడ్మాస్టరు మామయ్యకు ఫోన్ చేస్తాడు, మామయ్య నాకు ఫోన్ చేస్తారు. భోజనం దగ్గర కూడా అదే. ఇంకో రెండొందల బడులైతే నా పరిస్థితి ఏంటి?"

"అయితే వద్దని ఆయనకే చెప్పండి."

"నేనే తెచ్చిన ఐడియా, నేనే వద్దంటే ఇంట్లో ఏం పరువు ఉంటుంది? ఓడిపోతే వేరే సంగతి." గొంతు తగ్గించాడు. "ఆ దండ అలాగే ఉంచేస్తే ఏం పోయేది అంకుల్? పోనీ ఇప్పుడు ఏదైనా చిన్నది..."

గెలిపించమని సిఫార్సు తెచ్చేవాళ్లను ఎన్నో ఏళ్లుగా చూశాను. ఓడించమని సిఫార్సు తెచ్చిన మనిషి ఈయనే. పైగా ఎంత వినయంగా అడిగాడంటే, కాదనడానికి నాకు మనసొప్పలేదు. అయినా కాదన్నాను. పెట్టె మీద పువ్వు కాదు కదా, ఈగ కూడా వాలకుండా నేనే కాపలా కూర్చున్నాను. ఆ అమ్మాయిని ఓడించడానికి ఇంత శ్రద్ధగా కాపలా కాస్తున్నానా అని మధ్యమధ్యలో నా మీద నాకే విసుగొచ్చేది. ఎక్కడైనా ఏసీ ఆగిపోతే బాగుండని కూడా అనుకున్నాను. ఏసీ ఆగలేదు. ఆగితే నేనే వెళ్లి బాగుచేయించేవాణ్ణి, నా బతుకు అంతే.

రెండో రౌండ్‌లో అల్లుడుగారి ప్రోగ్రాం గెలిచింది. తేడా తక్కువే, కానీ చాలా ఆటల మీద తేలిన తేడా కాబట్టి కాదనడానికి లేదు. ఆఖరి ఆట అయ్యేసరికి అమ్మాయి నా పక్కనే నిలబడి ఉంది. నేను ఆమె ముఖం చూడలేక తెరనే చూస్తున్నాను.

"ఎంత తేడా సార్?"

చెప్పాను.

"ఇంతేనా?" అంది. నేను తల తిప్పి చూశాను. కళ్లలో నీళ్లున్నాయి, కానీ ముఖం వెలిగిపోతోంది. "గంత పెద్ద ప్రోగ్రాంకి నాది ఇంత దగ్గరికొచ్చిందా? చిప్పుల ఇరికించి రాసింది?"

మొదటి ఫలితం చూపించినప్పుడు ఆ ముఖంలో ఈ వెలుగు లేదు. దొంగ గెలుపు ఆమెకు ఏమీ చెప్పలేదు. నిజమైన ఓటమి ఆమె ఎక్కడ ఉందో చెప్పింది. ఆ క్షణంలో ఆమె ఉద్యోగం పోయిందన్న సంగతి ఇద్దరం మరిచిపోయాం. ముందు గుర్తొచ్చింది ఆమెకే. "అమ్మీకి ఎట్ల చెప్పాలె" అంటూ కూర్చుంది.

సాయంత్రం మళ్లీ పెద్దసారు గదిలో నలుగురం. నేను రెండో రౌండ్ ఫలితం చెప్పాను. అల్లుడుగారు వెంటనే అందుకున్నాడు. "మామయ్యా, సార్ ఏదో పొరపాటు చేసి ఉంటారు. మొదటిదే కరెక్ట్. నేనే ఓడాను."

"కాదు సార్, రెండోదే సహీ. నేనే ఓడిన" అంది అమ్మాయి.

పెద్దసారు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నేను గెలిచిన్నంటే నేను గెలిచిన్నని కొట్టుకునుడు చూసిన. నేనోడిన్నంటే నేనోడిన్నని కొట్టుకునుడు ఇదే చూసుడు. ఏందిది సారూ?"

నేను ఏమీ అనకముందే అల్లుడుగారు లేచి నిలబడ్డాడు. "తేడా చాలా చిన్నది మామయ్యా. ఒక ఆడపిల్ల ఇంత కష్టపడి రాస్తే, ఆ కాస్త తేడా కోసం ఆమె పొట్ట కొట్టలేను. నాది వద్దు. ఆమెదే పెడదాం."

రొట్టె విరిగి నేతిలో పడింది. పెద్దసారు కళ్లు తుడుచుకున్నాడు. నా అల్లుడిది ఎంత పెద్ద మనసో చూడు సారూ అన్నాడు. చూశాను. ఆ పెద్ద మనసు గురించి వాళ్ల బంధువుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారని విన్నాను. అమ్మాయి పర్మనెంట్ అయింది. గెలిచినందుకు కాదు, నెట్ సరిగ్గా లేని బడుల పుణ్యాన. ఆ సంగతి ఆమెకు నేను చాలా రోజులు చెప్పలేదు. చెప్పినప్పుడు పడిపడి నవ్వింది.

ఇక బోర్డును పెట్టి అమ్మే అట్టపెట్టె మీద ఏ నంబరు అచ్చువేయాలి అన్న ప్రశ్న మిగిలింది. అమ్మకాలవాళ్లు దండ రోజుల నంబరు కావాలన్నారు, అదే అన్నిటికన్నా పెద్దది. అమ్మాయి రెండో రౌండ్ నంబరు కూడా వద్దంది. అది ఎక్కువ సమయం ఇస్తే వచ్చిన నంబరు, పిల్లలు అంతసేపు ఆగరు అని ముందే చెప్పింది కదా. అందుకని పిల్లలు ఆడే వేగంలోనే బోర్డును మళ్లీ కొలిచాం. నంబరు ఇంకా తగ్గింది. ఆమె ఆ తక్కువ నంబరు పట్టుకుని పెద్దసారు దగ్గరికి వెళ్లింది.

"గింత తక్కువేస్తే ఎవడు కొంటడు బిడ్డా?"

"గంతే ఉన్నది సార్."

ఆయన ఆలోచించి అందరికీ నచ్చే పరిష్కారం చెప్పాడు. నంబరే వద్దు. ఐదు నక్షత్రాలు వేయండి. పెట్టె మీద బంగారు రంగులో ఐదు నక్షత్రాలు అచ్చయ్యాయి. నెలలకొద్దీ మేము న్యాయంగా కొలిచిందంతా ఆ ఐదు నక్షత్రాల కింద అణిగిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. అమ్మాయి మాత్రం ఏమీ అనకుండా తన బల్ల దగ్గరికి వెళ్లి పని చేసుకుంది. ఉద్యోగం అవసరం, ఏం చేస్తుంది పాపం అనుకున్నాను.

తర్వాత కొన్నాళ్లకు నేను రిటైరయ్యాను. శాలువా కప్పి, చేతిలో ఐదు నక్షత్రాల పెట్టె పెట్టారు. కిష్టారెడ్డిపేటలో ఇప్పుడుంటున్న ఫ్లాట్‌కు వచ్చాక ఓ మధ్యాహ్నం ఊసుపోక దాన్ని తీసి స్విచ్చు వేశాను. అంచున ఉన్న చిన్న తెర వెలిగింది. "ఆడదామా" అని అడిగే ముందు ఒక్క క్షణం ఏదో కనిపించి మాయమైంది. కళ్లజోడు పెట్టుకుని ఆపి మళ్లీ వేశాను. ఒక నంబరు. మేమిద్దరం చివర్లో కొలిచిన, అన్నిటికన్నా తక్కువ నంబరు.

ఆమెకు ఫోన్ చేశాను. "ఎవరైనా చూస్తే?" అన్నాను.

"ఎవ్వరు చూడరు సార్. చూసినా అదేందో తెల్వదు."

"మరి ఎందుకు పెట్టినట్టు?"

"తెలిసినోళ్లకు కావాలె గద సార్."

ఆ బోర్డులు ఇప్పుడు ఎన్ని బడుల్లో ఉన్నాయో నాకు తెలియదు. స్విచ్చు వేసిన ప్రతిసారీ ప్రతి బోర్డూ ఒక్క క్షణం నిజం చెప్పి ఆట మొదలుపెడుతుంది. నేను దాదాపు రోజూ ఆడతాను, దాదాపు రోజూ ఓడిపోతాను. ఆడుకోవడమే తప్ప గెలవడం రాదా అని మా ఆవిడ అడుగుతుంది. రాదు. కానీ ఎంతటివాడి చేతిలో ఓడుతున్నానో నాకు కచ్చితంగా తెలుసు.